పద్దెనిమిదో వారం కథ నేనే రాశాను

సినిమా విడుదలైన మూడో రోజుకే మా వాట్సాప్ గ్రూపు రెండు ముక్కలైంది. సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ, వాటి చుట్టుపక్కల ఊళ్ళలో ఆ నవలను ప్రాణంగా చూసుకునేవాళ్ళం అందులో వందమందికి పైగా ఉంటాం. టీచర్లు, కండక్టర్లు, రైస్ మిల్లు గుమస్తాలు, గొర్రెలు కాసేవాళ్ళు, రిటైరైన ఆఫీసర్లు. అప్పటిదాకా పొద్దున్నే పూల బొమ్మలు పెట్టుకుని మర్యాదగా పలకరించుకున్న మనుషులు, ఒకరికి చదవడం వచ్చా రాదా అని ఇంకొకరు నిలదీయడం మొదలుపెట్టారు.

ఆ నవల ముప్పై ఏళ్ల కిందట ఒక వారపత్రికలో సీరియల్‌గా వచ్చింది. ఒక ఊరి జనం నీడలన్నిటినీ రాజు ఎత్తుకుపోతాడు. ఉప్పు అమ్ముకునే పిల్ల ఒకతె వాటిని వెనక్కి తేవడానికి ఏడు గోడల కోటకు బయలుదేరుతుంది. మొదటి గోడ తలుపు దగ్గర ఒక కావలివాడు. మూడు వందల ఏళ్లుగా ఈటె కింద పెట్టకుండా నిలబడ్డవాడు. ఈటె నేలకు తగిలిన క్షణం తలుపు రాయి కూలుతుంది. ఆ పిల్ల వాణ్ణి ఎట్లా దాటిందన్నదే మా గొడవంతా.

సినిమాలో కత్తి పట్టుకుని దాటింది. పావుగంట కొట్లాట. కావలివాడు గాల్లో నాలుగు పల్టీలు కొట్టి పడ్డాడు. ఆ పల్టీల క్లిప్పును ఎవరో గ్రూపులో పెడితే, దాని కింద మిర్యాలగూడ నుంచి నర్సమ్మ ఒక మెసేజ్ పెట్టింది.

"ఆ పిల్ల వాని ఈటె తను పట్టుకొని, వాన్ని కూసోబెట్టి నీళ్లు తాగిపిచ్చిన సీను ఏది? దాన్నే తీసేసినంక ఇగ సినిమా ఎందుకు?"

మా వైపు వాళ్ళు ఇరవై ముప్పై మంది వెంటనే ఎత్తుకున్నారు. అవును, ఆ సీన్ ఏది? నవలకు గుండెకాయ అదే కదా? చిలుకూరు నుంచి గొర్రెలూ పొలమూ ఉన్న ఒక పెద్దమనిషి గొంతు రికార్డు చేసి పంపాడు. "నేను గా సీను కోసమే టికెట్ కొన్న. కొట్లాట సూడాలంటే మా ఊళ్ళె పంచాయితీ కాడ నిలబడ్తె సాలు."

అప్పుడు కోదాడ నుంచి లెక్చరర్ గారు రాశారు. ఇంజనీరింగ్ కాలేజీలో పాఠాలు చెబుతారు, కృష్ణా అవతలి వైపు మనిషి, ఆ వారపత్రిక పాత సంచికలన్నీ స్కాన్ చేయించి దాచుకున్నవారు. "అలాంటి సీన్ నవలలో ఎక్కడా లేదండి. నేను పదిసార్లు చదివాను."

ఆయన మాట నిజం. నవలలో ఆ సీన్ లేదు. దాన్ని నేను రాశాను.

ఇది నా తప్పులు చెప్పుకోవడానికి రాస్తున్నది. ఒక్కటి కూడా దాచను. తప్పు ఒప్పుకున్నవాడు ఆ తరువాత నోరు మూసుకుని కూర్చోవాలని కొందరు అనుకుంటారు. నేను కూర్చోను.

అప్పట్లో సూర్యాపేట కోర్టు దగ్గర మా నాన్న బైండింగ్ షాపు నడిపేవాడు. రిజిస్టర్లు, కోర్టు కాగితాలు, బడి పిల్లల పాత పుస్తకాలు కుట్టేవాళ్ళం. మైదా ఉడకబెట్టి, పురుగు పట్టకుండా మైలుతుత్తం కలిపిన జిగురు వాసన నా చేతులను ఎప్పుడూ వదిలేది కాదు. మా షాపుకు ఇంకో రకం గిరాకీ కూడా ఉండేది. వారం వారం పత్రికలోంచి సీరియల్ పేజీలు విడదీసి దాచుకుని, కథ అయిపోయాక కట్టగా తెచ్చి పుస్తకం కుట్టించుకునేవాళ్ళు. ఏ వారమైనా తప్పిపోతే, ఆ సంచిక ఎవరి దగ్గరుందో కనుక్కుని, చేత్తో నకలు రాయించి మధ్యలో కలిపించుకునేవాళ్ళు. నా చేతిరాత గుండ్రంగా ఉంటుందని ఆ పని నాకే చెప్పేవాడు మా నాన్న.

నర్సమ్మ అప్పుడు మాడుగులపల్లి దగ్గర దవాఖానలో నర్సుగా పనిచేసేది. చుట్టుపక్కల నాలుగైదు ఊళ్ళలో పుట్టిన పిల్లల్లో సగం మంది ఆమె చేతుల మీదుగా పుట్టినవాళ్ళే. ఆదివారం చర్చి అయిపోయాక బస్సెక్కి, చీర కొంగు కింద దాచుకుని ఆ కట్ట మా షాపుకు తెచ్చింది. రాత్రి డ్యూటీ చేసి, నిద్ర లేకుండా వచ్చింది. షాపులో ఉన్న ఒక్క స్టూలు మీద రిజిస్టర్లు పేర్చి ఉన్నాయి. వాటిని నేను తియ్యలేదు. గంటసేపు ఆమె నిలబడే ప్రతి పేజీ లెక్క చూపించింది.

"పద్దెనిమిదో వారం లేదు తమ్మీ. మా దగ్గర వానలకు బస్సులు బందయినయ్, పేపర్ రాలే. గా వారం ఏమైందో నాకు ఇప్పటిదాక ఎరుక లేదు. కోదాడ బళ్ళె తెలుగు చెప్పే ముసలి సారు దగ్గర అన్ని వారాలు ఉన్నయంట. పోయి రాసుకొస్తవా?"

"పోతా అక్కా" అన్నాను.

కోదాడ పోయాను. బస్టాండులో దిగగానే స్నేహితుడు కలిశాడు. మార్నింగ్ షో చూశాం, బయటికి వచ్చి తిన్నాం, మ్యాట్నీ కూడా చూశాం. ఆ సారు ఇంటి వీధి వైపు కూడా పోలేదు. తరువాత రెండు వారాలు పోదాం పోదాం అనుకున్నాను. ఈలోపు నర్సమ్మ కబురు పంపింది, పుస్తకం అయిందా అని. ఎవరూ నా చెయ్యి పట్టుకుని చేయించలేదు. బద్ధకం, ఇంకేమీ కాదు.

పంతొమ్మిదో వారం మొదట్లో, ప్రతి వారం ఉండేట్టే, 'జరిగిన కథ' అని నాలుగు వాక్యాలు ఉన్నాయి. అందులో ఒకటి: కావలివాణ్ణి దాటి ఆమె కోటలో అడుగుపెట్టింది. అంతే. ఎట్లా దాటిందో లేదు. తెల్లకాగితాలను పత్రిక సైజుకు కోసి, నడుమ గీత కొట్టి, రెండు వరసల్లో రాయడం మొదలుపెట్టాను. ఉప్పు పిల్ల కావలివాడి ముందు నిలబడి, అయ్యా ఎంతసేపయింది నువ్వు కూర్చుని, అని అడుగుతుంది. వాడికి జవాబు తెలియదు. ఈటె నాకియ్యి, నేను పట్టుకుంటా, నువ్వు కూర్చుని నీళ్ళు తాగు, అంటుంది. ఈటె ఇచ్చాక వాడు పారిపోవచ్చు. ఈటె పారేసి ఆమె లోపలికి పోవచ్చు. ఇద్దరూ ఆ పని చెయ్యరు. వాడు కూర్చుని, నీళ్ళు తాగి, కాళ్ళు చాపుకుని, లేచి, తన ఈటె తను తీసుకుని తలుపు తీస్తాడు. కింద 'సశేషం' అని కూడా రాశాను. షాపులో ఆమెకు కూర్చోవడానికి చోటివ్వని వాణ్ణి, కాగితం మీద మాత్రం ఒక మనిషిని కూర్చోబెట్టాను.

కుట్టి, అట్ట వేసి, క్యాలికో గుడ్డ అంటించి ఇచ్చాను. నర్సమ్మ అక్కడే ఆ వారం విప్పి చదివింది. తరువాత "రాసినాయనకు నా అసువంటోళ్ల కష్టం ఎట్ల తెల్సో" అంది. నేను చెప్పాల్సిన క్షణం అదే. చెప్పలేదు సరికదా, లోపల్లోపల పొంగిపోయాను.

ఆమె ఆ పుస్తకాన్ని దాచుకోలేదు. నర్సుల క్వార్టర్లకు ఇచ్చింది, పురుడు పోసుకుని మంచం మీదున్న ఆడవాళ్ళకు చదివి వినిపించింది. మిర్యాలగూడ మిల్లుల దాకా పోయింది, కోదాడ హాస్టళ్ళకు చేరింది. జిరాక్సులు వచ్చాక జిరాక్సులు తీశారు. అసలు నవల పుస్తకంగా అచ్చయినప్పుడు మా వైపు వాళ్ళు కొని చదివి, పద్దెనిమిదో అధ్యాయం మార్చేశారని తిట్టుకున్నారు. సీరియల్‌లో ఉన్నవి పుస్తకంలో తగ్గించడం మామూలే కాబట్టి ఎవరికీ అనుమానం రాలేదు. నర్సమ్మయితే రచయితకు ఉత్తరం రాసింది, మంచి భాగం తీసేసి ఈ పాడు భాగం ఎందుకు పెట్టారని. ఆ పోస్టుకార్డు ఆయన చదివి ఏమనుకున్నాడో. జవాబు రాలేదు. ఆయన ఇప్పుడు లేడు. ఆయనకు చెప్పుకోవాల్సింది అట్లాగే మిగిలిపోయింది.

మళ్ళీ గ్రూపుకు వస్తాను. లెక్చరర్ గారు లేదన్నారు, నర్సమ్మ ఉందంది. ఆయన రుజువు అడిగారు. ఆమె తన పుస్తకంలోని ఆ పేజీలను ఫోటోలు తీసి పెట్టింది. చేతిరాత చూడగానే కోదాడ వైపు కుర్రాళ్ళు నవ్వు బొమ్మలు కుప్ప పోశారు. "ఆంటీ గారే రాసుకున్నట్టున్నారు" అని ఒకడు. "నెక్స్ట్ సినిమాకి డైలాగులు ఆమె చేతే రాయిద్దాం" అని ఇంకొకడు. లెక్చరర్ గారు నవ్వలేదు, కానీ అంతకంటే గట్టిగా తగిలే మాట అన్నారు. "పెద్దవారు మీరు, లేనిది ఉందని చెప్పడం బాగోలేదండి."

ఆమె రిజిస్టర్లలో పుట్టినవాళ్ళ బరువు, చనిపోయినవాళ్ళ సమయం రాసిన మనిషి. పిల్ల చనిపోయి పుట్టినా ఇంటివాళ్ళ మొహం మీదే నిజం చెప్పిన మనిషి. నలభై ఏళ్ళ ఉద్యోగంలో ఆమెను అబద్ధాలకోరు అన్నవాడు లేడు. ఇప్పుడు అన్నారు.

ఆ సాయంత్రం నాకు ఫోన్ చేసింది.

"తమ్మీ, గా పేజీలు నువ్వు కోదాడ సారు దగ్గర సూసే రాసినవ్ కదా?"

ముప్పై ఏళ్ళ కింద చేసిన తప్పుకు కుర్రతనం అని ఒక సాకు దొరకవచ్చు. దీనికి దొరకదు. యాభై దాటిన వయసులో, నా సొంత జిరాక్స్ షాపులో, నా సొంత కుర్చీలో కూర్చుని "సూసే రాసినట్టు గుర్తు అక్కా" అన్నాను.

"గది సాలు" అంది ఆమె. పోయి గ్రూపులో రాసింది: నకలు రాసినాయన బతికే ఉన్నడు, ఇదే గ్రూపుల ఉన్నడు, ఆయనే చెప్తడు. నేను చెప్పలేదు. ఒకరోజు "పాత ముచ్చట్లు, ఎవరికి గుర్తుంటాయి, సినిమా గురించి మాట్లాడుకుందాం" అని ఒక పిరికి మాట పెట్టి ఊరుకున్నాను. నా భార్య ఆ మెసేజ్ చదివింది. ఆమెకు సంగతంతా పెళ్ళయిన కొత్తలోనే గొప్పగా చెప్పుకున్నాను.

"గిదేంది, దొంగే పోలీసోళ్లకు చాయ్ పోసి మాట మళ్లిచ్చినట్టు?" అంది.

"ఇప్పుడు చెప్తే ఆమె పరువే పోతది" అన్నాను.

"ఆమె పరువు పోయి పది రోజులయింది. నువ్వు కాపాడేది ఎవరి పరువో సూస్కో."

ఆదివారం కోదాడలో కలుద్దామన్నది లెక్చరర్ గారి ఆలోచన. మూడు వైపుల నుంచి బస్సులు దొరికే చోటు అదే. ఒక టిఫిన్ హోటల్ పై అంతస్తు హాలు మాట్లాడారు. పాతిక మందిమి అయ్యాం. నర్సమ్మ ఆ పుస్తకాన్ని తుండుగుడ్డలో చుట్టి తెచ్చింది. ముందు వరసలో కూర్చుని నన్ను పక్కన కూర్చోమంది. బస్సులో వచ్చేటప్పుడు వంద సార్లు అనుకున్నాను, ఎవరూ మాట్లాడకముందే లేచి చెప్పేస్తానని. లేవలేదు.

మొదటి అరగంట సినిమా మీదే పోయింది. చిలుకూరు పెద్దమనిషి, కావలివాడికి సినిమాలో ఇద్దరు భార్యలు ఎక్కడ నుంచి వచ్చారని అడిగాడు. లెక్చరర్ గారు ఓపిగ్గా చెప్పారు. "సినిమా వేరే మాధ్యమమండి. దర్శకుడికి స్వేచ్ఛ ఉంటుంది. మార్చుకుంటాడు. నవలని మాత్రం మనం మార్చకూడదు. ఉన్నది ఉన్నట్టు ఉండాలి."

"అయితే ఉన్నది సూపిస్త" అని నర్సమ్మ లేచింది. తుండుగుడ్డ విప్పింది. "ఇగో పద్దెనిమిదో వారం. నాకు పేపర్ రాకుంటె ఈ తమ్ముడు మీ కోదాడకే వచ్చి, అప్పటి తెలుగు సారు దగ్గర కూసోని, అక్షరం అక్షరం రాసుకొచ్చిండు. నేను లేనిది ఉన్నదని చెప్పే మనిషిని కాదు. గీడనే ఉన్నడు. అడుగుండ్రి."

పాతిక జతల కళ్ళు నా మీద. లేచాను.

"సారు దగ్గరికి నేను పోలేదు. ఆ రోజు కోదాడలో రెండు సినిమాలు చూసి ఇంటికి పోయాను. ఆ అధ్యాయం నేను సొంతంగా రాశాను. నర్సమ్మకు తెలియదు. మొన్న ఫోన్ చేసి అడిగితే కూడా అబద్ధమే చెప్పాను. ఆమె అన్న ప్రతి మాట తను నమ్మే అన్నది. లేనిది ఉందని చెప్పింది ఆమె కాదు, నేను."

కింద హోటల్లో గిన్నెల చప్పుడు వినబడుతోంది. నర్సమ్మ కూర్చుంది. పుస్తకం మూయలేదు.

మొదట నోరు విప్పింది చిలుకూరు పెద్దమనిషి. "అంటె ముప్పై ఏండ్ల సంది నేను మెచ్చుకున్నది నిన్నా?" నన్ను కింది నుంచి పైకి చూశాడు. "థూ. మంచిగ లేకపాయె."

కొందరు నవ్వారు. నవ్వు నాకు మేలే చేసింది, కానీ లెక్చరర్ గారు నవ్వనివ్వలేదు. ఆయన గొంతులో కోపం లేదు, బాధ ఉంది. "మీకు తెలుసా అండి మీరేం తీసేశారో? చదువుతాను వినండి." స్కాన్ చేసిన పేజీలు తీసి అసలు పద్దెనిమిదో వారం చదివారు. కావలివాడు నిలబడ్డంత కాలం ఊళ్ళో వాడి తల్లి బతికి ఉంటుందని రాజు మాట ఇచ్చాడు. ఉప్పు పిల్లకు ఆ సంగతి తెలుసు. వాడి ఎదురుగా వచ్చి, నీ తల్లి నిన్ననే పోయింది, అని చెప్తుంది. అబద్ధం. వాడి చేతిలోంచి ఈటె జారుతుంది. రాయి వాడి మీద కూలుతుంది. వాడు పడిన ఆ క్షణమే ఊళ్ళో ముసలమ్మ కూడా కన్ను మూస్తుంది. అబద్ధం నిజమైపోయింది. పిల్ల ఆ రాళ్ళ మీదుగా నడిచి లోపలికి పోతుంది.

తరువాతి వారాల్లో ఎక్కడ తలుపు కిర్రుమన్నా ఆ పిల్ల ఏడుస్తుంది. మా ప్రాంతం వాళ్ళం ఆ ఏడుపును కావలివాడి మీద ప్రేమ అనుకున్నాం. అది పాపభయం. నవల మొత్తం ఆ ఒక్క అబద్ధం మీద నిలబడి ఉంది. దాన్ని లాగేసి, ఒక చెంబు నీళ్ళు పెట్టాను నేను. అసలుది నాదానికంటే గొప్పది. ఈ మాట నా అంతట నేను చెబుతున్నాను.

"లిఖితపూర్వకంగా క్షమాపణ చెప్పాలి మీరు" అన్నారు లెక్చరర్ గారు. "గ్రూపులో అందరికీ. అలాగే ఆ జిరాక్సులు ఎవరెవరి దగ్గరున్నాయో అడిగి ఆ పేజీలు తీయించెయ్యాలి. ముందు ఈ పుస్తకంలోంచి."

అప్పుడు నాలో ఏదో మొండిగా లేచి నిలబడింది.

"రచయితకు క్షమాపణ చెప్పాలి, ఆయన లేడు. నర్సమ్మకు చెప్పాలి, చెప్తాను, ఆమె ఇష్టం ఉంటే తీసుకుంటుంది. మీకు కూడా చెప్తాను సార్, మీ ముందు ఇంతసేపు నోరు మూసుకుని కూర్చున్నందుకు. కానీ పేజీలు చింపను. చింపమని ఎవరికీ చెప్పను."

"ఎందుకండి? నకిలీ అది."

"నకిలీనే. సినిమా వాళ్ళు తమ పేరు వేసుకుని మార్చారు. నేను ఇంకొకరి పేరు కింద దాక్కుని మార్చాను. నా నేరం అది. పేరు మారుద్దాం. ఆ మొదటి పేజీ మీద నా పేరు రాస్తాను. ఇప్పుడే రాస్తాను. కానీ పురిటి మంచాల మీద అది విని కాసేపు నిమ్మళంగా పడుకున్న ఆడవాళ్ళున్నారు. వాళ్ళను పిలిచి, అది విన్నందుకు మీరు సిగ్గుపడండి అని చెప్పడానికి నేను రాను. సిగ్గుపడాల్సింది నేనొక్కణ్ణే."

ఇది చాలా గొప్పగా చెప్పానని అనుకున్నాను. పక్కన నర్సమ్మ వైపు చూశాను. ఆమె నా వైపు చూడలేదు. లెక్చరర్ గారితో, "సారూ, గా అచ్చు పుస్తకం మీ దగ్గర ఉన్నదా? జర ఇస్తరా?" అని అడిగింది. ఆయన ఇచ్చారు. తీసుకుని, తన పుస్తకాన్ని తుండుగుడ్డలో చుట్టుకుని మెట్లు దిగిపోయింది.

వెనకాలే పోతే బస్టాండులో దొరికింది. మిర్యాలగూడ బస్సు ఆగే చోట సిమెంటు బెంచీ మీద కూర్చుని అచ్చు పుస్తకంలో పద్దెనిమిదో అధ్యాయం చదువుతోంది. నేను పక్కన నిలబడ్డాను. ఒక బస్సు వచ్చింది, నిండింది, పోయింది. ఆమె లేవలేదు. చదివి, మొదటికి తిప్పి మళ్ళీ చదివింది.

"గిది నాకు ఇంతకుముందు చదివిననాడు కోపమే వచ్చింది" అంది చివరికి. "కోపంల చదివిన. సరిగ్గ చదవలే. నీ రాత మంచిదని గీ రాతను తిట్టిన. సచ్చిపోయిన మనిషికి కార్డు రాసి తిట్టిన."

"అక్కా..."

"మాట్లాడకు. గా అధ్యాయం రాసినందుకు నాకు కోపం లేదు. పోనీ, అప్పుడు పోరగాడివి. ఫోన్ల అడిగితె అబద్ధం చెప్పినవ్ సూడు. పదకొండు రోజులు నా మనవడి వయసోళ్లు నా మీద నవ్విండ్రు. నువ్వు సూసుకుంట కూసున్నవ్. గది నేను మరువ."

మరిచిపొమ్మని నేను అడగలేదు. అడిగే ముఖం లేదు. అసలు అధ్యాయం నేనే నకలు రాసి ఆమె పుస్తకంలో కలిపి కుట్టిస్తానన్నాను.

"నీ చేతిరాత మళ్ల నా ఇంట్లకు రావద్దు" అంది. "గీ పుస్తకం కొనుక్కుంట. అచ్చుల చదువుకుంట. రెండు పక్కపక్కన పెట్టుకుంట. ఏది నాకు కావాల్నో నేను సూస్కుంట, నువ్వు కాదు, ఆ సారు కాదు."

తరువాత చెయ్యి చాపింది. నా ఫోన్ తీయమని.

"పైన హాల్ల చెప్పింది పాతిక మంది విన్నరు. నన్ను తిట్టింది వందమంది సూసిండ్రు. రాయి గ్రూపుల."

ఆమె చూస్తుండగానే రాశాను. ఏమీ మెత్తబరచలేదు. పద్దెనిమిదో వారం నేను రాశాను, బద్ధకం వల్ల రాశాను, నర్సమ్మకు తెలియదు, పదకొండు రోజుల కింద అడిగితే మళ్ళీ అబద్ధం చెప్పాను, ఆమెను అన్న మాటలన్నీ నాకు చెందాల్సినవి. చివర్లో ఇంకో మాట చేర్చాను: ఆ అధ్యాయం నచ్చినవాళ్ళను నచ్చినందుకు ఎవరూ ఎగతాళి చెయ్యొద్దు, చేస్తే నేను ఊరుకోను.

ఆమె ఫోన్ తీసుకుని, దూరంగా పట్టుకుని చదివింది.

"ఆఖరుది తీసెయ్. తప్పు చేసిన అనేటోడు గిట్ల బెదిరిస్తడా?"

"తియ్యనక్కా."

"తియ్యవా?"

"తియ్యను. మిగతావన్నీ మీకోసం రాశాను. అదొక్కటి నాకోసం."

నన్ను ఒక నిమిషం పరీక్షగా చూసింది. పసిపిల్లకు జ్వరం ఎంతుందో చేత్తో చూసి చెప్పే మనిషి చూసే చూపు.

"కింద నీ పేరు పెట్టినవా?"

"పెట్టాను."

"ఇంటిపేరు తోటి పెట్టు. ఇదే పేరోళ్లు గ్రూపుల ఇంకో ఇద్దరున్నరు."

ఇంటిపేరు చేర్చి పంపాను. ఆమె బస్సు వచ్చింది. తుండుగుడ్డ మూట సంకన పెట్టుకుని, లెక్చరర్ గారి పుస్తకం చేత్తో పట్టుకుని ఎక్కింది. నాకు పోయొస్తానని చెప్పలేదు, నన్ను తమ్మీ అని కూడా పిలవలేదు. కిటికీ పక్కన సీటు దొరికింది ఆమెకు.

ఫోన్ చేతిలో వణకడం మొదలైంది. తిట్లు వరసగా వచ్చాయి. నాలుగైదు నిజంగా బాగా తిట్టినవే. సూర్యాపేట వైపు నుంచి ఒకాయన, తను పెళ్ళిచూపుల్లో ఆ సీన్ చెప్పి పిల్లను మెప్పించానని, ఇప్పుడు ఆమెకు ఏం చెప్పాలని అడిగాడు. నన్ను గ్రూపులోంచి తీసెయ్యాలని ముగ్గురు రాశారు. నేను వెళ్ళనని జవాబిచ్చాను. లెక్చరర్ గారు ఒక్క మాటే పెట్టారు: "నర్సమ్మగారికి నేను క్షమాపణ చెబుతున్నానండి."

బస్సు ఇంకా కదలలేదు. కిటికీలో నర్సమ్మ కళ్ళద్దాలు పైకి నెట్టి తన ఫోన్‌లో నెమ్మదిగా, ఒక్కో అక్షరం వెతుక్కుంటూ ఏదో కొడుతోంది. బస్సు గేటు దాటాక గ్రూపులో ఆమె మెసేజ్ వచ్చింది.

"నేను చెప్పిన సీను నవలల లేదు. ఒప్పుకున్న. ఇగ ఆ పావుగంట కొట్లాట ఏ వారం వచ్చిందో, ఇద్దరు పెండ్లాలు ఏ పేజీల ఉన్నరో ఎవలన్న ఫోటో తీసి పెట్టుండ్రి. నేను ఇంటికి చేరేదాక టైమిస్తున్న."